తాళంచెవి గుర్తున్న ఊరు

జర్మనీలోని బ్రెమెన్ అనగానే చాలామందికి గాడిద మీద కుక్క, కుక్క మీద పిల్లి, పిల్లి మీద కోడిపుంజు ఎక్కి నిలబడ్డ కంచు బొమ్మ గుర్తొస్తుంది. గెర్హార్డ్ మార్క్స్ అనే శిల్పి చేసిన ఆ బొమ్మని 1953లో టౌన్‌హాలు పక్కన పెట్టారు. ఇవాళ్టికీ జనం క్యూలో నిలబడి మరీ గాడిద ముంగాళ్ళు పట్టుకుని ఫొటోలు దిగుతారు. నాకు మాత్రం ఆ ఊరంటే తాళంచెవి. ఎర్రటి డాలు మీద ఏటవాలుగా నిలబెట్టిన వెండి తాళంచెవి.

2003 అక్టోబరులో రాజమండ్రి నుంచి ఎం.ఎస్. చదువుకని వెళ్ళాను. మొదట్లో భాష రాదు. దుకాణం బోర్డు చదవాలన్నా, ట్రామ్‌లో రాసిన హెచ్చరిక చదవాలన్నా ఎవరో ఒకరు చెప్పాల్సిందే. చదవక్కర్లేకుండా అర్థమయ్యింది ఈ తాళంచెవి ఒక్కటే. పోలీసుల భుజం మీద అదే, కార్ల నంబరు ప్లేటుకి అంటించిన చిన్న గుండ్రటి ముద్రలో అదే, యూనివర్సిటీ నుంచి వచ్చిన కాగితాల మీద కాకపోయినా రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి వచ్చిన ప్రతి కాగితం మీదా అదే. ఆ ఊళ్ళో తయారయ్యే బెక్స్ బీరు సీసా మీద ఉండేది కూడా ఆ తాళంచెవే, కాకపోతే అద్దంలో చూసినట్టు అటు తిరిగి ఉంటుంది. కొత్త ఊళ్ళో తెలిసిన ముఖం ఒక్కటీ లేనప్పుడు, రోజూ కనిపించే గుర్తు కూడా పలకరింపులాగే ఉంటుంది.

నేను అద్దెకున్నది వాలె అనే పేటలో, ఒక ఇంటి మేడమీద గదిలో. కింద ఇంటావిడ ఉండేది. ఆ వీధి పిల్లలందరూ ఆవిడని ఓమా అని పిలిచేవాళ్ళు, అంటే మామ్మ. కొన్నాళ్ళకి నాకూ అదే అలవాటయింది. ఆవిడ ఇంటి ముందు వరండా కమ్మీకి ఒక జెండా కట్టి ఉండేది. ఎరుపు, తెలుపు అడ్డపట్టీలు ఒకదాని కింద ఒకటి, కర్ర వైపు మాత్రం చదరంగం బల్లలా ఎర్ర గళ్ళు, తెల్ల గళ్ళు. నేనెక్కడా చూడని జెండా.

"ఎవరి జెండా ఓమా ఇది?" అని అడిగాను, వచ్చీరాని జర్మన్‌లో.

"మాది."

"మీ ఇంటిదా?"

"ఊరిది. ఊరిదంటే మాదే కదా!" అంది, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

దాన్ని అక్కడి వాళ్ళు ష్పెక్‌ఫ్లాగె అంటారు. పందిమాంసంలో ఎర్ర పొర, తెల్ల కొవ్వు పొర వరసగా ఉంటాయి కదా, చూడ్డానికి అలా ఉంటుందని ఆ ముద్దుపేరు. పట్టీలు కనీసం ఎనిమిది ఉండాలి. చిహ్నం ఏదీ లేని జెండాని ఎవరైనా ఇంటి మీద ఎగరేసుకోవచ్చు. మధ్యలో తాళంచెవి డాలు, దానికి అటూ ఇటూ సింహాలు ఉన్న జెండా మాత్రం ప్రభుత్వ భవనాలకి. ఆ డాలు ఎలా ఉండాలి, తాళంచెవి ఎటు వాలాలి, దాని పళ్ళు ఎటు తిరగాలి, పైన కిరీటం ఎలా ఉండాలి అన్నవన్నీ 1891లో ఊరి సెనేట్ ఖాయం చేసి పెట్టింది. తాళంచెవి కుడికి వాలి ఉంటుంది, పళ్ళు ఎడమకి. ఈ కుడి ఎడమలు చూసేవాళ్ళవి కావు, డాలు పట్టుకున్న వీరుడివి. డాలు అతని ఒంటి మీద ఉన్నట్టు ఊహించుకుని చదవాలి. నాకిది చాలా నచ్చింది. గోడ మీద బొమ్మే అయినా, దాని వెనక ఒక మనిషి నిలబడి ఉన్నట్టే లెక్క.

ఆ తాళంచెవి ఎక్కడిదో తెలుసుకోడానికి మార్కెట్ చౌకు దాకా వెళ్ళాలి. చౌకుకి ఒక పక్క సెయింట్ పీటర్ పేరు మీద కట్టిన పెద్ద చర్చి. స్వర్గద్వారం తాళాలు క్రీస్తు పీటర్ చేతికే ఇచ్చాడని క్రైస్తవుల నమ్మకం, అందుకే ఆయన ఏ బొమ్మలో చూసినా చేతిలో తాళంచెవి ఉంటుంది. చర్చి ఆయనది, ఊళ్ళో పెత్తనం ఆ చర్చిలో కూర్చున్న ఆర్చిబిషప్పుది. అలా తాళంచెవి ఊరి గుర్తయింది. మరి ఆ ఊరి వర్తకులు, చేతిపనుల వాళ్ళు శతాబ్దాల పాటు పోట్లాడిందంతా ఆ ఆర్చిబిషప్పులతోనే! ఆయన మాట చెల్లదన్నారు, ఆయన పన్ను కట్టేది లేదన్నారు. ఆయన చర్చి తాళంచెవిని మాత్రం వదల్లేదు, తమ ముద్ర మీద చెక్కించుకుని ఒప్పందాల మీద గుద్దారు. బ్రెమెన్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. పెత్తనం చేసేవాడిని కాదని, వాడి తాళంచెవిని తీసుకుని జనం తమది చేసుకున్నారు.

చౌకులో రోలాండ్ అనే పాత కథల వీరుడి విగ్రహం ఈ గొడవకి సాక్షి. అంతకు ముందు కొయ్య విగ్రహం ఉండేది. 1366లో ఆర్చిబిషప్పు సైనికులు ఊళ్ళోకి జొరబడి దాన్ని తగలబెట్టారు. ఈసారి కాలకూడదని 1404లో రాతి విగ్రహం నిలబెట్టారు. మనిషి ఒక్కడే అయిదున్నర మీటర్లు, వెనక స్తంభం, పైన గోపురంతో కలిపి పది మీటర్లు దాటుతుంది. చేతిలో కత్తి, ముఖం సరిగ్గా చర్చి వైపు. డాలు మీద చక్రవర్తి రెండుతలల గద్ద, దాని చుట్టూ పాత ఉత్తర జర్మన్ యాసలో రాత. ఈ ఊరికి స్వేచ్ఛనిచ్చింది చక్రవర్తి కార్ల్, ఇంకా ఎందరో ప్రభువులు, అందుకు దేవుడికి దండం పెట్టుకోండి అని దాని భావం. నేరుగా ఆర్చిబిషప్పు గుమ్మానికి ఎదురుగా నిలబెట్టి చెప్పించిన మాట అది. రోలాండ్ రెండు మోకాళ్ళ మధ్య దూరం ఒక బ్రెమెన్ మూర అంటారు. గుడ్డ కొలతలో అనుమానం వస్తే జనం అక్కడికొచ్చి కొలుచుకునేవాళ్ళట. స్వేచ్ఛకీ కొలతకీ ఒకే విగ్రహం!

మన వైపు లాంఛనం అంటే రాజుది. చాళుక్యులకి వరాహం, కాకతీయులకి వరాహం, విజయనగరం వాళ్ళకీ వరాహమే. మా రాజమండ్రి రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం, అయినా ఆ వరాహాన్ని ఏ ఇంటి గడప మీదా చూడలేదు. అది నాణేల మీద, శాసనాల మీద ఉండిపోయింది. రాజుతో వచ్చిన గుర్తు రాజుతోనే వెళ్ళిపోతుందేమో. ఈ మధ్య రాష్ట్రాల చిహ్నాల్లోకి కాకతీయుల తోరణం, అమరావతి పూర్ణకుంభం రావడం చూస్తే సంతోషమే. అయితే అవి ఇంకా ప్రభుత్వ కాగితాల మీదే ఉన్నాయి, అరుగుల మీదికి రాలేదు. గోదావరి గట్టున పుట్టినదాన్ని, మా ఊరికంటూ ఒక గుర్తుండి, దాన్ని మా అమ్మ గుమ్మానికి కట్టుకునేలా ఉంటే ఎంత బావుండును అని బ్రెమెన్‌లో ఉన్నన్నాళ్ళూ అనిపిస్తూనే ఉండేది.

2004 వేసవి గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. ఆ ఏడు మే 8న వెర్డర్ బ్రెమెన్ జట్టు మ్యూనిక్ వెళ్ళి, బయర్న్‌ని వాళ్ళ సొంత మైదానంలోనే 3-1తో ఓడించి జర్మనీ ఫుట్‌బాల్ లీగు బుండెస్‌లీగా గెలిచేసింది. అదే నెలాఖరున బెర్లిన్‌లో కప్పు కూడా. ఫుట్‌బాల్ ఓనమాలు రాని నేను కూడా చౌకులో జనం మధ్య నిలబడి అరిచాను. వెర్డర్ రంగులు ఆకుపచ్చ, తెలుపు. ఊరి రంగులు ఎరుపు, తెలుపు. ప్రతి కిటికీలోనూ రెండు జెండాలు పక్కపక్కన. కొందరైతే రెంటినీ కలిపి ముడేసి భుజాన వేసుకున్నారు. జట్టు టౌన్‌హాలు బాల్కనీలోకి వచ్చినప్పుడు కింద చౌకంతా గుడ్డల సముద్రం. అదే ఏడు రోలాండ్‌కి ఆరువందల ఏళ్ళు నిండాయి, ఆ జూలైలోనే టౌన్‌హాలునీ రోలాండ్‌నీ యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఎక్కడ చూసినా ష్పెక్‌ఫ్లాగెలే. ఆ ఊళ్ళో వాన ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, తడిసిన జెండాలు స్తంభాలకి అతుక్కుపోయేవి, గాలి రాగానే మళ్ళీ విడివడి రెపరెపలాడేవి. అయినా ఎవరూ దించలేదు.

ఓమాకి ఊరి పడమటి అంచున ఒక తోట ఉండేది. పట్నంలో ఇళ్ళకి పెరళ్ళు చాలవు కదా, అందుకని ఊరి అంచుల్లో చిన్నచిన్న స్థలాలు పంచి కౌలుకిస్తారు. బ్రెమెన్ వాళ్ళు దాన్ని పార్ట్‌సెలె అంటారు. వరసగా వందల తోటలు, మధ్యలో ఇరుకైన బాటలు, ఒక్కో తోటలో ఒక చిన్న ఇల్లు, కొన్ని ఆపిల్ చెట్లు, బంగాళాదుంపల మళ్ళు. దాదాపు ప్రతి కంచె మీదా ఒక జెండా కర్ర. ఓమా ఆదివారం పొద్దున్న సైకిల్ మీద వెళ్ళి, తలుపు తీయగానే ముందు జెండా ఎగరేసేది, ఆ తరవాతే కాఫీ. సాయంత్రం వచ్చేటప్పుడు దించి, మడిచి, బీరువాలో పెట్టి వచ్చేది. ఆవిడతో వెళ్ళడం మొదలుపెట్టాక ఆదివారాలు నాకు ఇంటి మీద బెంగ తగ్గింది. నేను కొత్తిమీర, మెంతికూర విత్తనాలు చల్లుకుంటానంటే ఒక మడి ఇచ్చింది. మెంతికూర బాగానే వచ్చింది, కొత్తిమీర ఆ చలికి తట్టుకోలేదు.

ఒకరోజు ఆ ఇంటి గోడలు చూపించింది. ఇటుకలన్నీ ఒక్క రకం కావు. కొన్ని ఎర్రవి, కొన్ని మసిబారినవి, కొన్ని సగం విరిగినవి.

1944 ఆగస్టు 18 రాత్రి బ్రిటిష్ విమానాలు బ్రెమెన్ పడమటి పేటల మీద బాంబులు కురిపించాయి. వాలె దాదాపు పూర్తిగా కాలిపోయింది. ఓమా అప్పటికి చిన్నపిల్ల. యుద్ధం అయిపోయాక ఇళ్ళు లేవు, ఉన్న ఇళ్ళలో చోటు లేదు. తోటల్లో కాపరం ఉండకూడదని చట్టం. అయితే అప్పటి మేయర్ విల్‌హెల్మ్ కైజన్, ఇల్లు పోయిన వాళ్ళు తోటల్లోనే గూళ్ళు కట్టుకుని ఉండొచ్చన్నాడు. అవి కైజన్ ఇళ్ళుగా పేరుపడ్డాయి. ఓమా వాళ్ళ నాన్న కాలిన వీధుల్లోంచి ఇటుకలు ఏరి, సున్నం గీకి, తోపుడుబండి మీద తెచ్చి ఈ ఇల్లు కట్టాడు. ఓమా పెరిగింది ఇక్కడే.

యుద్ధం తరవాత చుట్టూ ఉన్న ప్రాంతమంతా బ్రిటిష్ వాళ్ళ చేతిలోకి వెళ్ళింది. అమెరికా వాళ్ళకి సముద్రం దారి కావాలి గనక బ్రెమెన్‌నీ, దాని రేవు బ్రెమర్‌హాఫెన్‌నీ వాళ్ళు తీసుకున్నారు. ఈ ఊరిని పక్క రాష్ట్రంలో కలిపెయ్యకుండా విడిగా నిలబెట్టడానికి కైజన్ చాలా పాటుపడ్డాడు. 1947లో బ్రెమెన్ మళ్ళీ సొంతంగా ఒక రాష్ట్రం అయింది, ఇవాళ్టికీ జర్మనీ రాష్ట్రాల్లో అన్నిటికంటే చిన్నది అదే. ఆ కబురు వచ్చిన వారంలో వాళ్ళమ్మ జెండా కుట్టిందట.

"గుడ్డ ఎక్కడిది ఓమా, ఆ రోజుల్లో?"

"తెల్లది మా దుప్పటి. ఎర్రగుడ్డకి ఏం కొదవ? ప్రతి ఇంట్లోనూ ఒక ఎర్రజెండా దాచి ఉండేది. మధ్యలో ఆ గుర్తు విప్పేసి పిల్లలకి గౌన్లు కుట్టేవాళ్ళు. నాకూ కుట్టింది. మిగిలిన దాంతో జెండా."

బీరువాలోంచి తీసి చూపించింది. పట్టీలు నిటారుగా లేవు. కర్ర వైపు గళ్ళు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎరుపు వెలిసి ఇటుక రంగుకి తిరిగింది. దాన్ని ఇప్పుడు ఎగరెయ్యరు, ఎగరేసేది కొత్తది, కొన్నది. ఆ పాతదాన్ని చేత్తో పట్టుకుని చూస్తే కుట్లు చిన్నవిగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక దేశం ఎంత చెడ్డ పని చేసిందో దానికి గుర్తయిన నాజీల జెండా గుడ్డ అది. ఒకావిడ దాన్ని కత్తిరించి, సొంత దుప్పటి చింపి కలిపి, తన ఊరి జెండా చేసుకుంది. జెండాల గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఇంతకంటే పెద్ద సంగతి దొరకలేదు.

ఆ పక్క తోటాయన చర్చి పనుల్లో తిరిగే మనిషి. నాది రాజమండ్రి అనగానే ఆయన ముఖం వెలిగింది. 1836లో హాంబుర్గ్‌లో పుట్టి తరవాత బ్రెమెన్‌కి మారిన నార్త్ జర్మన్ మిషన్ వాళ్ళు 1840ల్లో మా ఊరికి మనుషుల్ని పంపారు. ఆ పని తరవాత అమెరికా లూథరన్ల చేతుల్లోకి వెళ్ళింది. మా ఊళ్ళో లూథరన్ చర్చి ముందు నుంచే చిన్నప్పుడు బడికి నడిచి వెళ్ళేదాన్ని. ఆ మొదటి అడుగు పడింది జర్మనీ ఉత్తరపు రేవుల వైపు నుంచని తెలిసింది మాత్రం అక్కడ, ఆపిల్ చెట్టు కింద.

హాంబుర్గ్ రైల్లో గంట దూరం. మా సీనియర్ ఒకతను, విశాఖపట్నం అబ్బాయి, అక్కడ ఉద్యోగం చేసేవాడు. హాంబుర్గ్ చిహ్నం ఎర్ర డాలు మీద మూడు బురుజుల తెల్ల కోట, మధ్యలో మూసిన ద్వారం. "చూడు, ప్రపంచానికి సింహద్వారం మా ఊరే" అనేవాడు. దానికి బ్రెమెన్ వాళ్ళు తరతరాలుగా ఇచ్చే జవాబు నాకు అప్పటికే నోటికొచ్చు. "ద్వారం మీదే, కాదనం. తాళంచెవి మాత్రం మా దగ్గరుంది." రెండూ హాన్సా అనే పాత వర్తక నగరాల కూటమిలోని ఊళ్ళే, రెండింటివీ ఎరుపు తెలుపులే, ల్యూబెక్‌దీ అంతే. ఓడ దగ్గరికొచ్చే దాకా జెండా మీద ఆ రంగులే కనిపించేవి. ఏ ఊరిదో తెలియాలంటే గుర్తు చూడాలి. మా క్లాసులో లాత్వియా అమ్మాయి ఒకతె ఈ మాట విని నవ్వి, తమ రీగా చిహ్నంలో తాళంచెవులు రెండని చెప్పింది. 1201లో రీగాని స్థాపించిన బిషప్ ఆల్బర్ట్ బ్రెమెన్ చర్చి నుంచి వెళ్ళినవాడే.

బ్రెమెన్ ఓడల కంపెనీ, 1857లో పెట్టిన నార్త్ జర్మన్ లాయిడ్, తన జెండా మీద లంగరునీ తాళంచెవినీ అడ్డంగా కలిపి వేసుకుంది. ఆ జెండా కింద ఎంతమంది అమెరికాకి వలస వెళ్ళారో బ్రెమర్‌హాఫెన్‌లో వలసల మ్యూజియం చూస్తే తెలుస్తుంది. నేను ఉన్నప్పుడు అది ఇంకా తెరవలేదు, తరవాత వెళ్ళినప్పుడు చూశాను. ఊరు వదిలి పోయేవాళ్ళకి ఆఖరున కనిపించేది ఓడ మీది ఆ తాళంచెవే అయ్యుంటుంది.

అక్టోబరులో ఫ్రైమార్క్ట్ అని పెద్ద తిరనాళ్ళు. 1035లో చక్రవర్తి కోన్‌రాడ్ ఇచ్చిన సంత హక్కుతో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. రైల్వేస్టేషన్ వెనక మైదానంలో రంగులరాట్నాలు, చౌకులో చిన్న సంత. ఆ రోజుల్లో రోలాండ్ మెడలో తేనె, మసాలా దినుసులు కలిపి చేసే తీపి రొట్టె హృదయం ఒకటి వేలాడదీస్తారు. ఆరువందల ఏళ్ళుగా చర్చి వైపు కళ్ళెర్రజేసి చూస్తున్న వీరుడి మెడలో తీపి రొట్టె! ఊరి వాళ్ళు ఆయన్ని దేవుడిలా చూడరు, ఇంటి పెద్దలా చూసుకుంటారు. మన జాతరల్లో అమ్మవారికి ముక్కుపుడక పెట్టి మురిసిపోయే ఆడవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఓమా పోయి చాలా ఏళ్ళయింది. ఆ పాత జెండా వాళ్ళమ్మాయి దగ్గర ఉంది, కిందటిసారి వెళ్ళినప్పుడు మళ్ళీ తీసి చూపించింది. నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా అన్నయ్య కొడుకు ఈ శీతాకాలం సెమిస్టర్‌కి అదే యూనివర్సిటీకి వెళ్తున్నాడు. కుక్కర్లు, పచ్చళ్ళు, చలికోట్ల జాబితా వాళ్ళమ్మ రాసిచ్చింది. "అత్తా, నువ్వేం చెప్తావ్?" అన్నాడు.

చెప్పాను. ముందు చౌకుకి వెళ్ళు, గాడిద దగ్గర క్యూ తగ్గే దాకా రోలాండ్ మోకాళ్ళ దగ్గర నిలబడి చెయ్యి చాపి కొలువు. ఆయన అసలు తల ఫోకె మ్యూజియంలో ఉంది, విగ్రహం మీదున్నది నకలు, కాబట్టి అక్కడికీ వెళ్ళి ముఖం దగ్గరగా చూడు. హాంబుర్గ్‌లో ఎవరైనా ద్వారం సంగతి ఎత్తితే ఏమనాలో నీకు తెలుసు. చలి తగ్గి చెట్లు చిగురించాక, ఒక ఆదివారం వాలె వైపు తోటల బాటల్లో నడువు. కంచె మీద ష్పెక్‌ఫ్లాగె కనిపిస్తే ఆగు, లోపల ఎవరైనా పెద్దవాళ్ళుంటే ఇది ఎన్నాళ్ళ నుంచి కడుతున్నారని అడుగు. నిన్ను కాఫీ తాగించకుండా పంపరు.